తిరపతమ్మ ఒలకబోసిన నీళ్లు

పత్తి మిల్లు దాటాక ఎడమపక్క పాడుబడ్డ బావి ఉంది చూడండి, పక్కనే పెంకుటిల్లు ఒరిగిపోయి ఉంటుంది, అటు మేకల్ని కూడా తోలరు మనవాళ్లు, అదే. ఇలా దగ్గరికి జరగండి, చెబుతా. అక్కడ తిరపతమ్మ దెయ్యమై ఉండేదని మీకందరికీ తెలుసు. ఎందుకుండేదో ఎంతమందికి తెలుసు?

ఆ ఇల్లు చెంచురామయ్యది. పూర్వం అందులో పురుగుమందుల కొట్టు ఉండేది, కొట్టు ఎత్తేశాక అద్దెకిచ్చాడు, అద్దెకొచ్చిన తిరపతమ్మ ఏడాది తిరక్కుండానే వాంతులతో తీసుకుని తీసుకుని పోయింది. ఆ తర్వాత ఎవరు చేరినా బిందెలో నీళ్లు నిలిచేవి కావు, నింపి పెట్టడం, వెనక్కి తిరగడం, బిందె బోర్లాపడటం. ఇంకెవరుంటారు?

అప్పుడు మన పేరిందేవి లేదూ, నాసరయ్య పెళ్లాం, ఇద్దరు చంటిపిల్లలతో అత్తగారి వసారాలో ఇరుక్కుని ఉండేది, చవగ్గా వస్తోందని ఆ ఇల్లు కొందామంది. కాకపోతే ముందు ఇల్లంతా చూడాలని పట్టుబట్టింది. వాస్తు చూపించుకో అమ్మాయ్, ఇంకేం చూస్తావని చెంచురామయ్య నవ్వాడట. వాస్తు సంగతి తర్వాత బాబాయ్, నా పిల్లలు తాగే నీళ్లు చూసుకోవాలిగా అందట. చూశారా మాట!

మర్నాడు పొద్దున్నే మొగుణ్ణి వెంటేసుకుని వెళ్లి మూలమూలా వెతికింది, గోడకి బల్లి లేదు, చూరుకి సాలెగూడు లేదు, నేలమీద చీమైనా లేదు, అదేంటో ఆమెకి పాలుపోలేదు. సరేనని బావిలో నీళ్లు తోడి, బిందె నింపి, చేంతాడు చుడుతుంటే దభేలుమని బిందె బోర్లాపడింది. నాసరయ్య వీధిలోకి ఒకటే పరుగు. ఈమె కదిలితేనా! మళ్లీ నింపి, ఈసారి అంచు గట్టిగా పట్టుకుంది. ఆ చేతిమీద ఇంకో చెయ్యి పడి తోసింది, ఐసుగడ్డలాంటి చెయ్యి, మట్టిగాజులు మణికట్టుకి తగిలాయి కూడా. చెయ్యి లాక్కోబోయింది, లాక్కోదా మరి? అయినా ఆ తోపులో కోపం లేదే అనుకుంది. పొయ్యి దగ్గరికి పాకే పిల్లని తల్లి లాగినట్టుంది. అప్పుడు నెమ్మదిగా అడిగింది.

"ఏం తిరపతమ్మక్కా, తాగొద్దంటున్నావా?"

చెయ్యి వదిలేసింది.

దోసిట్లో పట్టి చూస్తే నీళ్లకి సన్నగా మందు వాసన. సీసాలో పట్టి టౌన్లో ల్యాబుకి పంపి, ఈలోగా బావిగట్టు పక్కన తవ్విస్తే ఏం బయటపడ్డాయనుకున్నారు? తుప్పుపట్టి కారుతున్న మందు డబ్బాలు, కొట్టు ఎత్తేసినప్పుడు గుట్టుగా పూడ్చినవి. ల్యాబువాళ్లూ విషమే అన్నారు. చెంచురామయ్య ఆయాసపడుతూ వచ్చి, ఇంకా తగ్గించి ఇస్తాను, బయట చెప్పకమ్మా అన్నాడు. పేరిందేవి నడివీధిలో నిలబడింది.

"నీ ఇల్లు నాకొద్దు బాబాయ్, ఇంకొకళ్లకి అమ్మనివ్వను కూడా. ఆ మనిషి చచ్చి కూడా కాపలా కాస్తోంది, బతికున్నదాన్ని నేను నోరు మూసుకోనా?"

తర్వాత ఊరంతా ఆమె పక్కన చేరి, చెంచురామయ్య చేతే ఆ బావికి సిమెంటు మూత వేయించారు. ఆమె ఆ ఎండాకాలంలోనే వాగు అవతల ఇల్లు కొనుక్కుంది, మట్టీ నీళ్లూ చూపించుకునే కొంది. ఇవాళ చుట్టుపక్కల ఎవరు ఇల్లు కొంటున్నా ఒకసారి రమ్మని ఆమెకి కబురు పంపుతారు, ఏ ఊరి కోడలని అడిగితే మన ఊరి పేరే చెబుతారు. ఆ మాట వింటే ఇంత ముసలాణ్ణి, నాకే రొమ్ము విరుచుకుని నడవాలనిపిస్తుంది.

ఇప్పుడా మూత బీటలిచ్చింది. మీరెవరూ అటు పోకండి. మూత పడ్డ రోజే తిరపతమ్మ వెళ్లిపోయింది, దాహమేసి వంగితే ఆపేవాళ్లు లేరక్కడ.