దార్ రేవుకి మళ్ళిన ఓడలు

కాఫీ అలా ఉంచు కొంబో బావా, ముందిది చెప్పు. మొంబాసాలో మేం సమ్మె కట్టి పస్తులుంటుంటే, మాకు రావాల్సిన ఓడల్ని సరిహద్దు ఇవతల మీ దార్ రేవులో దించుకుంటారా? ఒక్క పూటైనా నీ క్రేను ఆపాలనిపించలేదా?

నవ్వకు. బావామరుదుల వేళాకోళానికి రోజు కాదిది.

అసలు మేమేం అడిగాం? కంపెనీ వాళ్ళు మా కూలీల ముఠాలో సగం మందిని తీసేస్తామంటే వద్దన్నాం, అంతే. సమ్మెకి పిలిచింది నేనే, కాదనను. మా నాన్న మేస్త్రీగా ఉన్నప్పుడూ ఇదే మందు గదా. మా రేవు నాలుగు రోజులు పడుకుంటే ఉగాండా బజార్లో రొట్టె ధర పైకెక్కేది. కంపెనీ వాళ్ళే కాళ్ళబేరానికొచ్చేవారు. ఆ దేశానికి సముద్రమా పాడా? మా గుమ్మం తొక్కకుండా ఎక్కడికి పోతుందిలే అనుకున్నాం.

ఇప్పుడేమో ఉగాండా సరుక్కి మీ వైపు కొత్త రోడ్డు, కొత్త రైలు. సరిహద్దు దగ్గర లారీ పడిగాపులు పడే పనే లేదట. ఓడలవాళ్ళు మమ్మల్ని తిట్టనైనా తిట్టలేదు, చల్లగా ఇటు వచ్చేశారు. పనిలోకొస్తాం మొర్రో అన్నా, ఓడేదీ అంటున్నారు మా కంపెనీలో.

నీ మాట నాకు తెలుసులే. నువ్వు దిగితే ఇంకొకడు ఎక్కుతాడు. నువ్వు పని మానితే మాడేది మా మ్వాజుమా అక్క కడుపూ, నా మేనల్లుళ్ళ కడుపూ. ఆపమని నిన్నెలా అడగను? అడక్కుండా మావాళ్ళకి మొహమెలా చూపించను?

ఏంటలా చూస్తావు? అవును, పొద్దున్నే బస్సు దిగాను. ఇంతసేపూ మీ రేవు గేటు దగ్గరే ఉన్నాను. దార్ వాళ్ళతోనూ పని మాన్పిస్తానని అందరి ముందూ మాటిచ్చి బయల్దేరాను గదా, సరాసరి అక్కడికే పోయాను.

రోజుకూలీల వరుసలో మా ఫాకి ఉన్నాడు బావా. వాడి వెనక సెయిఫ్. మొన్నటిదాకా నా పక్కన జెండా పట్టినవాళ్ళే. నన్ను చూసి తలొంచుకున్నారు. కడిగేద్దామనే దగ్గరికెళ్ళాను. సెయిఫ్ కాస్త జరిగి చోటిచ్చాడు.

నిలబడ్డాను.

ఎవరి తాలూకు అని గుమాస్తా అడిగితే నీ పేరే చెప్పాను. రేపు పొద్దున నిన్ను వాకబు చేస్తాడు. మావాడేనని ఒక్క మాట చెప్పు బావా.