శారద పెట్టిన షరతు

"శారదవ్వ నీకేమైతాది?" అని అడుగుతాండావా పాపా? రేషన్ కార్డులో అయితే చెల్లెలు. జనాలు నమ్మినారులే. ఇద్దరు ఆడోళ్ళు ఒకింట్లో ఉంటే అక్కచెల్లెళ్ళు కాక ఇంకేమైతారని వాళ్ళ బుర్రలకు తోచలేదు. మాకు మేలే అయింది.

మా ఇద్దరిదీ బళ్ళారి పక్కన సంగనకల్లు. శారదా, నేనూ బళ్ళారిలో జీన్స్ కుట్టే షెడ్డులో పక్కపక్కన కూచునేటోళ్ళం. నాది జేబులు, దానిది జిప్పులు... కాదు కాదు, జిప్పులు నావి. అప్పుడు బస్సుకు రూపాయేమో, ముప్పావలానో. ఒక్క సీటులో ఇద్దరం ఇరుక్కునేటోళ్ళం. బస్సు ఖాళీగా ఉన్నా అంతే, తెలుసా!

ఒకదినం శారద అనింది: "బళ్ళారిలో రూము చూసినా. పెండ్లీ గిండ్లీ వద్దు, ఇద్దరం ఉందాం. ఆదివారం బస్టాండుకు రా."

సరే అంటిని. పోలేదు. మా నాయన సిరుగుప్ప నుంచి వడ్లు తోలే లారీ ఉన్న పెండ్లికొడుకును పట్టుకొచ్చినాడు. లారీని చూసి ఊరంతా నోరు తెరిచింది. నాకు లారీ మింద మోజు కాదు పాపా, నాయనంటే, ఊరంటే భయం. తల వంచి తాళి కట్టించుకుంటి. శారద పెట్టె పట్టుకొని పొద్దుగూకేదాకా నిలబడినాదంట.

ఇరవై ఏండ్లకు మైనింగు జోరు వచ్చింది. ఇనుప మట్టికి గిరాకి, ఏం కాలమో! మా ఆయప్పకు ఒక లారీ నాలుగైనాయి. నాలుగు వేళ్ళకు ఉంగరాలు, హొసపేటలో ఇంకో సంసారం. నాకేమో ఎర్రదుమ్ము బట్టలు ఉతికే భాగ్యం. ఎంత ఉతికినా తెల్లపంచె ఎరుపే. సాకయింది, ఇంక చాలనిపించింది. బకెట్టు ఆడనే వదిలి తోరణగల్లుకు బస్సెక్కినా. శారద ఆ ఊర్లో ఉక్కు ఫ్యాక్టరీ కార్మికులకు యూనిఫారాలు కుడతాందని ఇని ఉంటి.

నన్ను చూసి కూడా మిషన్ ఆపలేదు. "ఏం కుట్టాల?" అనింది.

"ఏం వద్దు. వచ్చేసినా."

"ఇరవై ఏండ్లు నడిచొచ్చినావా?"

"భయపడితిని శారదా. తప్పు నాదే."

అప్పుడు ఆపింది. కొంగుతో ముక్కు చీదింది, అబ్బా, ఎంత సొగసుగా! "ఉండు. ఒకటే షరతు. నీ మొగుడొస్తే నువ్వే చెప్పాల. దాక్కున్నావో, వాని ఎంటనే పంపిస్తా."

నెలకు వచ్చినాడు, కొత్త కారులో, నలుగురిని ఎంటబెట్టుకొని. "వంటకు ఇబ్బందిగా ఉండాది, పదమే" అన్నాడు. ఎంత ప్రేమో చూడు! నాకు దాక్కోవాలనే అనిపించింది, అబద్ధం ఎందుకు. గడప మింద నిలబడి, "నేను రాను" అంటిని.

"ఈమె ఎవరే నీకు?"

"నీకన్నా ముందు నేను మాటిచ్చిన మనిషి."

ఆయప్పకు అర్థం కాలేదు. శారదకు అయింది. లోపల్నుంచి, "పాలు పొంగుతాండాయి, వాకిలేసి రా" అనింది. ఆయప్ప ముందరే తలుపు వేసినా.

ఇప్పుడు దినామూ కొట్లాటే, చారులో ఉప్పు కాడ. అదో, అరుస్తాంది చూడు. నువ్వు సల్లగుండు తల్లీ. నీ మనసుకు నచ్చినోళ్ళు దొరికితే నాలెక్క తడవు చేయాకు... వస్తాండానే శారదా, వస్తాండా...