ఎడమ పక్క నిలబడిన పిల్ల

అన్నా, నన్ను లోపలికి రమ్మనొద్దు. గేటుకాడనే ఉంటా. గృహప్రవేశానికి సొంత చెల్లెలు రాకపోతే నలుగురూ ఏమనుకుంటారో అనే గదా నీ బాధ? వచ్చినా చూడు. అందరికీ కనపడేటట్టు నీ ఫ్లెక్సీ కిందనే నిలబడినా.

అయినా ధర్మవరంలో ఫ్లెక్సీ షాపులే లేవా? దీనికోసరం హిందూపురం దాంకా రావల్నా? పిలుపు చెప్పేదానికి మా ఇంటికి వచ్చినావనుకుంటి. "కొంచెం తోడు రామ్మా" అంటే చీర మార్చుకోని వస్తి. షాపు బోర్డు చూసినాక గానీ తెలీలేదు, నీ కూతురు వాణి పనిచేసే చోటికే పోతాండామని.

మనసు మెత్తబడిందేమో అనుకుంటి. ఎంత పిచ్చిదాన్నో.

ఆ పని నేర్పించింది నువ్వే గదా? చీరల డిజైన్లు కంప్యూటర్లో గీస్తే మన మగ్గానికి పేరొస్తాదని, ఆదివారం క్లాసులకు నువ్వే చేర్పిస్తివి. వారమంతా పిల్లకు ఇంట్లో మగ్గం పని, ఆదివారం కోర్సు. ఒక్కతే పోకూడదని రైల్లో తోడు పోతివి. క్లాసు ఇడిచేదాంకా బయట అరుగు మీద కూర్చుంటివి. లోపల పక్క కంప్యూటరు పరిగి ఊరి పిల్లోడు యూనస్‌దని నీకెట్లా తెలుస్తాది?

వాళ్లిద్దరూ పెండ్లి చేసుకున్యారు. నువ్వు కూతురే లేదంటివి. సరే. అంతటితో ఇడిచిపెట్టింటే బాగుండు.

పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెడితివి. కదిరి తేరుకు పోయినప్పుడు దిగిన ఫొటో. నువ్వు, నీలావతి వదిన, నీ కొడుకు, ఎడమ పక్క వాణి. "ఈ పిల్లను తీసేయల్ల" అంటివి, ఎవరితోనో చెప్పినట్లు.

పిల్ల నిన్ను చూసె. తెర చూసె. వెనకాల ఓనరు ఉండె. "సరే సార్" అనె.

కన్నతండ్రిని సార్ అనిందన్నా.

తనను తానే చెరుపుకుంటా కూర్చునె. మొగం పాయె, జడ పాయె, ఆ జాగాలో గోపురం వచ్చె. ఇంక లేస్తావనుకుంటి. నువ్వు కుర్చీ దగ్గరికి జరుపుకోని, "అమ్మ భుజం మీద చెయ్యి ఉండాది చూడు. అదీ తీసెయ్. నేర్చుకున్యావు గదా, శుద్ధంగా చెయ్యి" అంటివి.

ఒక్కో వేలూ తీసేసె. ఆ చెయ్యి కింద వదిన చీర అంచు ఫొటోలో లేదు గదా? లేని అంచును అతికి అతికి, నేసినట్లే పెట్టె. తానుండే అసలు ఫొటో పెన్‌డ్రైవ్‌లో ఉంచల్నా అని అడిగితే, వద్దంటివి. అదీ తీసేసె.

నువ్వు బయటికి పోయినాక ఏడ్చిందా అని ఒక్క మాటన్నా అడగవా? ఏడ్వలేదులే. "అత్తా, నాయన కండ్ల కింద నలుపుండె, నేనే తీసేసినా" అనె. మళ్లా ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ తెరుచుకునె.

ఇందాక వదిన అడిగె, ఎవరు చేసినారు ఇంత నున్నగా అని. ఎవరో హిందూపురం పిల్లంట అంటి. ఇంకేం చెప్పల్ల?

పోన్నా. సుట్టాలు వస్తాండారు. నవ్వు.