నీడ కూడా బరువే

“దగ్గరికి జరుగుండ్రి పిల్లలూ, చెప్పులు మెట్ల కింద ఇడిచి అరుగు మీద కూసోండ్రి. శ్రీకర్, ఆ గేటు ఎయ్యిరా, కుక్కొస్తది. ఆఁ, ఏమడిగినవ్ సౌజన్యా?”

“ఆదివారం మాతోని జింకల పార్కు దాక నడిచొస్తవా రావా, తాతా? పెద్దోళ్లెవరన్న ఎంబడి ఉంటెనే పంపిస్తమన్నరు ఇంట్ల. ఏదో ఒక మాట ఇప్పుడే అడిగి రమ్మంది అమ్మ.”

“గంతేనా! చంపాపేట్ నుంచి వనస్థలిపురం గూడ ఒక నడకనా? కండక్టర్‌గ బస్సుల అరిగిన కాళ్లివి. ఎల్‌బీ నగర్‌ల బండి కదిలిందంటె సూర్యాపేట దాక లోపల నడుసుకుంటనే పోయేటోన్ని.”

దేవానందం తాత లేచి వీధి అటూ ఇటూ చూసి, మళ్లీ కూర్చున్నాడు.

“గది ఇడిసిపెట్టు. పోయినేడు డెన్మార్క్ పోయిన గదా, మా అక్క బిడ్డ ఎలిజబెత్ కాడికి. గక్కడ సెలవొస్తె చాలు, జనం సంచి తగిలేసుకొని పల్లెలు పట్టుకొని నడుస్తరు. ఒకటి రెండు రోజుల నడక, అడవిల నిద్ర. అడవుల చెక్క గుడిసెలుంటయ్, మూడు దిక్కుల గోడ, నాలుగో దిక్కు ఖాళీ. తలుపే లేదంటె ఇగ తాళమెక్కడిది! ఎలిజబెత్ నాకు గీ బ్యాగు కొనిచ్చింది. చిటికెన ఏలుకు తగిలెయ్యొచ్చు, చూడుండ్రి.”

నీలం రంగు బ్యాగును పిల్లల మధ్యకు విసిరాడు. అది సౌజన్య ఒళ్లో పడింది.

“గా నడకకు ఒకటే సూత్రం, బరువు తగ్గియ్యాలె. పండ్ల బ్రష్షు పిడి అందరు సగం కోస్తరు, నేను మొత్తం కోసిన.”

“మరి ఎట్ల తోముకున్నవ్?” అన్నాడు శ్రీకర్.

“కుచ్చు ఏలికి అంటిచ్చుకున్న. ఆ తర్వాత ఏం జేసిన్నో ఎరికేనా? దారి చూసే నక్షా కాయితం నడిచిన మేరకు చింపి పొయ్యిలేసి చాయ్ కాసుకున్న. నడిచిన దారిని మళ్ల మోసుడెందుకు?”

“డెన్మార్కులో అసలు కొండలే ఉండవంటారు కదండీ!” పక్క వాటాలో ఉండే వెంకటేశ్వరరావు గారు గేటు మీద చేతులాన్చి అడిగారు.

“ఎవరన్నరు సారూ? ఆకాశ కొండ అని పేరే పెట్టుకున్నరు. మన భువనగిరి గుట్టంతనే గాని, పేరు ఇంటెనే ఆయాసమొస్తది. పైకెక్కిన్నో లేదో, గాలి! నా సామాను త్రాసుల పెడ్తె ముల్లు సున్న కంటె కిందికి పోయేటిది, ఇగ ఆగుతదా? ఎత్తుకపోయింది. గాలిమర రెక్క దొరకవట్టుకున్న. తిప్పుడు మొదలువెట్టింది. ఒక సుట్టుల సముద్రం, ఇంకో సుట్టుల స్వీడన్, ఆఖరి సుట్టుల మన ఎల్‌బీ నగర్ మెట్రో స్టేషన్ అవుపడ్డది!”

“రైలుందా తాతా?”

“అప్పుడే పోయింది.”

“ఆదివారం సంగతి చెప్పవేంది?” అంది సౌజన్య.

తాత లేచాడు. గేటు దాకా వెళ్లాడు, వచ్చాడు.

“ఆడికే వస్తున్న, జర ఆగు. కిందికి దిగినంక గూడ ఏదో బరువు. సంచి ఖాళీ, జేబు ఖాళీ. ఏందా అని ఎనక్కి మళ్లి చూస్తె, నీడ! పొద్దుగూకే యాళ్ల గదా, తాటిచెట్టంత పొడుగుండి కాళ్లెంబడి ఈడ్సుకొస్తుంది. ఇప్పి చెట్టుకొమ్మకు తగిలేసిన. నీడ గూడ బరువే, పిల్లలూ! ఇగ నా కాళ్లు నేలకు ఆనితె ఒట్టు. గక్కడి జింకలు నన్ను చూసి పక్కకు జరిగి దారిచ్చినయ్.”

సౌజన్య బ్యాగు జిప్పు తీసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

“తాతా, ఇండ్ల తొక్కు వాసనొస్తుంది.”

శ్రీకర్ తలకాయంతా లోపల పెట్టాడు. “మామిడికాయ తొక్కే! నూనె మరక గూడ ఉంది. గీ పట్టీ ఏంది, గోనెసంచి దారంతోని కుట్టిండ్రు?”

తాత దగ్గాడు. లోపల వంటగదిలోంచి ఆయన భార్య రెబెక్క గొంతు వినిపించింది.

“కుక్కర్ సంగతి గూడ చెప్పు! కుక్కరు, బియ్యం, తొక్కు సీస అన్నీ అండ్లనే కుక్కితివి. కారు కాడ భుజానికెత్తంగనే పట్టి తెగె. ఎలిజబెత్ ఒక్కతె నడిచొచ్చేదాక గా గుడిసెల కూసోని తింటివి. ఫొటో పంపింది బిడ్డ!”

పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. “ఆవకాయ బరువు లెక్కలోకి రాదేమోలెండి,” అన్నారు వెంకటేశ్వరరావు గారు.

సౌజన్య మాత్రం నవ్వలేదు. బ్యాగు మడిచి అరుగు మీద పెట్టి, మెట్లు దిగి చెప్పులు వేసుకుంది.

“అయితె తాత రాడని చెప్త అమ్మకు.”

“ఏయ్, ఆగు. రానన్ననా నేను?” తాత మోకాలు రుద్దుకున్నాడు. ఈసారి వీధి వైపు చూడలేదు. “పొద్దుగాల గేటు కాడ తయారుంటడని చెప్పు మీ అమ్మకు. తొక్కు సీస శ్రీకర్ మోస్తడు. గని నాతోని జర మెల్లగ నడువుండ్రి, మధ్య మధ్యల కూసోనియ్యుండ్రి. వచ్చేటప్పుడు గా నీడను కొమ్మ మీదికెల్లి తీసి మళ్ల తొడుక్కున్న గదా, ఒకటే బరువు! పోండ్రి ఇగ, మీ ఇండ్లల్ల అన్నాలు చల్లారుతున్నయ్. కడుపునిండ తినుండ్రి.”