పదిమంది చాలనుకుంటే వెయ్యిమంది

ఉద్యోగంలో చేరిన పదోరోజే కూతురు మధ్యాహ్నానికి ఇంటికొచ్చేసింది. తలుపు తీసిన తల్లి లోపలికి రానివ్వకుండానే అడిగింది.

“తీసేశారా?”

“లేదమ్మా. నా ప్రోగ్రాం వల్ల ఆఫీసు కంప్యూటరు మొరాయించింది.”

“అయ్యో నా తల్లీ! పోలీసులొస్తారా?”

“నీ భయం పాడుగాను! ముందు విను. పని ఎక్కువైతే ఒక ప్రోగ్రాం తనలాంటి పిల్ల ప్రోగ్రాములను పుట్టించి తలా కాస్త పంచుతుంది. నేను పదింటిని పుట్టించమన్నాను.”

“పదేగా?”

“పనయ్యాక ఆగిపొమ్మని ఆ పిల్లలకు చెప్పడం మరిచాను. అవీ తల్లి చేసిందే చేశాయి. పిల్లలు, వాటికి పిల్లలు... రెప్పపాటులో వెయ్యి!”

“వెయ్యా! కన్న మీ ఇద్దరితోనే నా తలప్రాణం తోకకొచ్చింది. కంప్యూటరు పేలిపోయిందా?”

“వెయ్యి దగ్గరే ఆగింది. కొత్తవాళ్ళు ఈ తప్పు చేస్తారని మా మేడం ముందే హద్దు పెట్టి ఉంచింది. కంప్యూటరు ఆపి మళ్ళీ వేస్తే లేచి కూర్చుంది.”

“ఆవిడ తిట్టలేదా?”

“పడీపడీ నవ్వింది. తనూ చేరిన వారంలోనే ఈ పని చేసిందట. అప్పుడు హద్దూ లేదు, మూడంతస్తులవాళ్ళూ పొద్దంతా చేతులు ముడుచుక్కూర్చున్నారట.”

“మరి నిన్నెందుకు పంపేశారే?”

“తప్పు దిద్దేశాను. అయినా నా కంగారు తగ్గకపోతే, ఇంటికెళ్ళి రేపు రమ్మంది.”

“రేపు రమ్మందా? ఆవిడ నోటితోనే అందా?”

“ఆవిడ నోటితోనే.”

“ఇంకోసారి చెప్పు,” అంటూ తల్లి గడపమీదే చతికిలబడింది.