టేపులో ఉన్న అమ్మాయి

ఓ నడివయసావిడ తెచ్చిన పాత క్యామ్‌కార్డర్ టేపును వీడియో ఎడిటర్ తన తెర మీద వేసి చూశాడు. కొత్తగా తీయబోయే వీడియోలోనూ అవే గీతలు, అవే వెలిసిన రంగులు ఉండాలని ఆమె కోరిక.

“ఇప్పుడందరికీ ఇదే పిచ్చి పట్టిందక్కా. నిన్న తీసిన పాట కూడా పాత టేపులా కనపడాలంటారు. మీకూ అంటుకుందా?”

“నా తెల్లజుట్టు తెలియకూడదు తమ్ముడూ. టేపులో నాకు ఇరవయ్యేళ్లు.”

“ఎవర్ని బుట్టలో వెయ్యడానికి?”

“మా నాన్నని. ఆ టేపు తీసింది ఆయనే. మతిమరుపొచ్చాక పొద్దస్తమానం అదే చూస్తూ ‘మా అమ్మాయి’ అని మురిసిపోతారు. పక్కనున్న నేను మాత్రం ఎవరో పరాయిదాన్ని. నోట్లో ముద్ద పెట్టబోతే చెయ్యి తోసేస్తారు. రోజురోజుకీ చిక్కిపోతున్నారు.”

అతని ముఖంలో నవ్వు మాయమైంది. దీపాలు సరిచేసి, ఆమెను కెమెరా ముందు కూర్చోబెట్టాడు.

“నీ పక్కనున్నావిడ నేనే నాన్నా అని చెప్పండక్కా.”

“చెప్పి చెప్పి అలిసిపోయాను. ఆ మాటంటేనే ఆయనకి కోపం. ఇక వద్దులే, తియ్యి.”

అతను కెమెరా మీట నొక్కాడు. ఆమె ఇరవయ్యేళ్ల పిల్లలా నవ్వింది.

“నాన్నా, మనింట్లో ఉన్నావిడ చాలా మంచిది. ఆవిడ పెడితే తిను.”