ఫకీరు ఆపిన వణుకు

గద్వాల కోట వెనక సుభాన్ చాయ్ దుకాణంల బాలకిష్టయ్య బల్ల చివర కూచున్నడు. చీరలు నేసే మనిషి. మూన్నెల్ల సంది విరేచనాలు పట్టుకొని సగమైండు. కడుపుకు తేలికని మిల్లుబియ్యం గంజి తప్ప వేరేది ముట్టలేదు. ఈ నెలల కొత్తగా వేళ్ళు వాటంతటవే ఎగురుతున్నయి, పిక్కలు గట్టిగ బిగుసుకపోతున్నయి. మగ్గం గుంటల కూచుంటే పోగును అటూ ఇటూ తీసుకపోయే నాడె చేతిలోంచి జారిపోతుంది. ఒక పెండ్లి చీర సగంలనే నిలిచింది.

అత్తరు అమ్మే ఫకీరు దవాఖానల డాక్టరుకు కుడిభుజంగ పనిచేసిండని విని, నిన్నటి నుంచి ఆయన మాటల కోసమే వస్తున్నడు. ఫకీరు చాయ్ సాసర్ల పోసుకొని మొదలుపెట్టిండు.

"ధరూరోడు ఒకడు వచ్చిండు. చెయ్యి జర వణుకుతుండె, గంతే. డాక్టర్ సాబ్ పుస్తకాలు తిరగేస్తుండు. నేను నాడి పట్టిన. సాబ్, వీని ఒంట్ల మెగ్నీషియం తక్కువైందన్న. అదొక తీరు ఉప్పు. ఉండేది కొంచమే, కానీ నరాలు, కండలు, గుండెకాయ దాని అదుపుల ఉంటయి. అది తగ్గితే పిక్కలు పట్టేస్తయి, నిద్ర రాదు, గుండె దడదడ కొట్టుకుంటది."

బాలకిష్టయ్య లోపల్లోపల లెక్కపెట్టుకున్నడు. మూడూ తనకున్నయి. జర దగ్గరికి జరిగిండు.

వణుకు ముదిరినంక ధరూరోని చేతికి పెరుగు చెంబు ఇస్తే గడియల వెన్న తేలుతుండెనట. ఆడోళ్ళు కవ్వాలు మూలకు పెట్టి ఆయనింటి ముందర వరస కట్టిరట. పండుకోబెడితే మంచం నడుచుకుంట మల్దకల్ పోయి గుడి ముందర ఆగిందట.

"ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? స్నానానికి కృష్ణల దింపితే నీళ్ళు సుత వణికినయి. చేపలు తల తిరిగి ఒడ్డుకొచ్చి పడ్డయి. మానవపాడు దాక మూడు దినాలు ఇంటింటా చేపల కూరనే."

"చేపలు తిననోళ్ళు ఏం చేసిరి?" అన్నడు రాజన్న. ఆయన రోజూ ఫకీరు పక్కనే కూచుంటడు.

"వెన్న ఉండెగద" అన్నడు ఫకీరు, తడుముకోకుండ.

అందరూ నవ్విరి. డాక్టరు చేతులెత్తేస్తే మెగ్నీషియం ఉండే భేది ఉప్పు తానే గుప్పెడు కలిపి తాగించిన అన్నడు ఫకీరు. వణుకు టక్కున ఆగిందట. కానీ కొలత జర ఎక్కువై మనిషి రాయి లెక్క అయిపోయిండట. పావురం వచ్చి నెత్తిమీద గుడ్లు పెట్టింది, పిల్లలు ఎగిరిపోయేదాక ఆయన కదలలేదట. ఎక్కువైంది మూత్రంల పోవాలె కాబట్టి బిందెలకు బిందెలు నీళ్ళు తాగించిండట. ఆ ఏడు వానల్లేకున్నా ధరూరుల వరి పండిందట.

బాలకిష్టయ్య ధోతి మడతలోంచి కాయితం పొట్లం తీసిండు. నిన్న ఫకీరు నోట దాని పేరు విని, పొద్దున్నే కొన్న భేది ఉప్పు. సుభాన్‌ను గిలాసల నీళ్ళడిగి, ఫకీరు ముందర చెయ్యి చాపిండు.

"గుప్పెడంటే నీ గుప్పెడా, నా గుప్పెడా, ఫకీర్ భాయ్?"

గుప్పెట మూతపడతలేదు. వేళ్ళు ఒక్కొక్కటి ఎగురుతున్నయి. నవ్వులు ఆగినయి.

ఫకీరు ఆ వేళ్ళ దిక్కు చూసిండు. మెల్లగ పొట్లం లాక్కున్నడు.

"తాగకు. ఇది భేదులయ్యేతందుకు తాగేది. నీ ఒంట్ల మిగిలిన జర్రంత మెగ్నీషియం సుత కడుక్కపోతది."

"మరి ధరూరోడో?" అన్నడు రాజన్న.

"దవాఖానల నాది ఆయన పక్క మంచం. చలిజ్వరంతోని ఎనిమిది దినాలు పడున్న. విరేచనాలతోనే ఆయన ఒంట్ల మెగ్నీషియం పోయిందని డాక్టర్ చెప్తుంటే విన్న. సూదిమందు ఇచ్చిండ్రు, బతికిండు. ఇంకేం తెల్వదు నాకు."

ఫకీరు అత్తరు పెట్టె సుభాన్ దగ్గర పెట్టి, బాలకిష్టయ్యను లేపి జట్కా ఎక్కించిండు.

దవాఖానల డాక్టరు పిక్కలు పట్టి చూసిండు, గుండె విన్నడు, ఎన్ని దినాల సంది విరేచనాలని అడిగిండు. ముందుగాల అవి ఆపాలె, సూదిమందు నడుస్తది, కడుపు కుదుటపడినంక జొన్నరొట్టె, ఆకుకూర, పల్లీలు తినాలె అన్నడు. రెండు నెలలల్ల మళ్ళ మగ్గంల కూచుంటవన్నడు. అప్పుడు తల ఎత్తి తలుపు కాడ నిలబడ్డ ఫకీరును చూసి ఈయనెవరని అడిగిండు.

ఫకీరు నేల దిక్కు చూసిండు.

"నన్ను పట్టుకొచ్చినాయన, సాబ్" అన్నడు బాలకిష్టయ్య.